ఆ గదిలో లైటు వేయొద్దు

"రేపట్నుంచి సాయంత్రం చీకటి పడ్డాక ఆ చిన్నగదిలో ఎవరూ లైటు వేయకండి," అంది ఆమె, సింకులో మూకుడు తోముతూ, వెనక్కి తిరగకుండానే.

హాల్లో టీవీ చూస్తున్న భర్తకు సగమే వినబడింది. "ఏం, బల్బు పోయిందా?" అన్నాడు. అత్తగారికి మొత్తం వినబడింది కానీ, తన చెవుల మీద తనకే నమ్మకం లేనట్టు "ఏమంటోందిరా?" అని కొడుకును అడిగింది. కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టాక "వద్దు" అనే మాటను తన కంచం గురించి తప్ప మరి దేని గురించీ వాడగా ఆవిడ వినలేదు.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం చెప్పింది. ఆ గదిలో పెంచుతున్న కలాంచో మొక్కలకు రాత్రి పొడుగ్గా ఉండాలట. సాయంత్రం నుంచి తెల్లారేదాకా కటిక చీకట్లో ఉండాలి, అది కూడా నెలా నెలన్నర పాటు రోజూ జరగాలి. అప్పుడే మొగ్గ తొడుగుతాయి. మధ్యలో ఎవరైనా లైటు వేస్తే ఇంకా పొద్దుందనుకుని ఆకులేస్తూ కూర్చుంటాయి.

భర్త నవ్వాడు. ఆయన నవ్వు గట్టిగా, ఆత్మీయంగా ఉంటుంది; విన్నవాళ్ళకి తామూ నవ్వకపోతే బాగుండదేమో అనిపిస్తుంది. "నీ బొద్దుపిల్లలకి నిద్ర చాలట్లేదన్నమాట! జోల కూడా నన్నే పాడమంటావా?" దళసరి ఆకుల మొక్కలన్నిటికీ ఆయన పెట్టిన పేరు అది.

"నేనూ పెంచాను మొక్కలు," అంది అత్తగారు. "కూరలోకి పనికొచ్చేవి. ఇలా లైటు తీసి బతిమాలుకోవాల్సినవి కాదు."

ఎవరూ కుదరదని మాత్రం అనలేదు. ఆమెకు అదే చాలనిపించింది.

ఆమె పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. ఎప్పుడూ చూడని మనుషుల నోటి అచ్చులు బల్ల మీదికి వస్తాయి. మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టాలి, చిగుళ్ళ గీత సన్నగా చెక్కాలి, మనిషి నవ్వితే అవి సొంత పళ్ళేననిపించాలి. "మీ చెయ్యి సున్నితం," అంటాడు ఓనరు. ఆ సున్నితం పేరు చెప్పే, మిగిలినవాళ్ళు వంకరగా పెట్టిన పళ్ళన్నీ సాయంత్రమయ్యేసరికి ఆమె బల్ల మీదికి చేరతాయి. పోయినేడు ఇన్‌ఛార్జి ఉద్యోగం ఖాళీ అయితే ఆమె దగ్గరే పని నేర్చుకున్నతనికి ఇచ్చారు. "మీకెందుకమ్మా ఆ తలనొప్పి, ఇంటికి టైముకి వెళ్ళాలి కదా," అన్నాడు ఓనరు, మేలు చేసినవాడిలా. ఆ రోజు ఆమె టైముకి ఇంటికి వెళ్ళలేదు. కొత్త ఇన్‌ఛార్జికి అర్థం కానివన్నీ పక్కన కూర్చుని చెప్పి వెళ్ళింది.

మొదటి కలాంచో దొరికిందీ అక్కడే. ఎవరో రిసెప్షన్ బల్ల మీదికి తెచ్చిచ్చిన మొక్క. పూలగుత్తులు ఎండిపోయాక తీసి చెత్తబుట్ట పక్కన పెట్టారు. "ఒకసారి పూసేసిందంటే ఇంక దాని పని అయిపోయినట్టేనండీ," అంది రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి. అంతకుముందెప్పుడూ మొక్కల జోలికి పోని మనిషి, ఆ మాట ఎందుకు గుచ్చుకుందో ఆమెకు తెలియదు. సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది. ఎండిన గుత్తులు కత్తిరించింది. కొమ్మ తుంచి, తుంచిన చోట తడి ఆరి పొర కట్టేదాకా నీడలో పడేసి, ఆ తర్వాత ఇసుక కలిపిన మట్టిలో గుచ్చింది. ఒకటి నాలుగైంది, నాలుగు కలిసి కిటికీ గట్టంతా అయ్యాయి. విచ్చుకున్న పువ్వులాగే ఆకులు పేర్చుకునే ఎచెవేరియా ఒకటి వచ్చి చేరింది. కూతురు చదువుకని హాస్టల్‌కి వెళ్ళాక ఖాళీ అయిన చిన్నగది వాటిదైపోయింది. వాటికి నీళ్ళు ఎక్కువైతేనే ప్రమాదం, మొదలు కుళ్ళిపోతుంది. వారం పది రోజులు మరిచిపోయినా ఆకుల్లో దాచుకున్నది తాగి బతికేస్తాయి. ఆమె మరిచిపోయినా ఏమీ అనని ప్రాణులు ఆ ఇంట్లో అవే.

ఎచెవేరియా పొడుగ్గా కాడ చాచి గంటల్లాంటి నారింజరంగు పూలు పూసింది. కలాంచోలు మాత్రం ఆకులే వేశాయి. ఎండ తక్కువేమో, ఎరువు తక్కువేమో అని అన్నీ చేసి చూసింది. చివరికి తక్కువైంది చీకటని తెలిసింది.

మొదటి సాయంత్రం కిటికీకి పాత దుప్పటి కట్టింది. తలుపు కింద సందులో గుడ్డ దోపింది. ఇంకెక్కడి నుంచైనా వెలుతురు దూరుతోందేమో చూద్దామని లోపలే ఉండి తలుపేసుకుంది. ఎక్కడా లేదు. తన చెయ్యి తనకు కనబడలేదు. బయటికి పోదామని తడుముకుంటే మోకాలికి స్టూలు తగిలింది. కూర్చుంది. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు.

తలుపు అవతల ఇల్లు నడుస్తూనే ఉంది. టీవీలో ఎవరో ఎవరినో తిడుతున్నారు. అత్తగారి చెప్పుల చప్పుడు వంటింటిదాకా వెళ్ళి, ఆగి, వెనక్కి వచ్చింది. "ఏమోయ్!" అని పిలిచాడు భర్త. కాసేపాగి "నా కళ్ళజోడు చూశావా?" అన్నాడు. టీవీ బల్ల మీద ఉంది. ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చిన జవాబు అక్కడే ఆగిపోయింది. ఆమె ఆపలేదు, అదే ఆగింది. ఇంకాసేపటికి "ఆ, దొరికిందిలే," అన్నాడు ఆయనే. ఆ మాట విని ఆమె చీకట్లో నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇన్నేళ్ళూ కళ్ళజోడు తను చెబితేనే దొరుకుతుందనుకుంది! తర్వాత ఒక్కొక్కటిగా మాటలు రావడం మొదలైంది. "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా" అనేది భర్త మాట. ఆమె రెండు చేతులూ పిండిలో ఉన్నప్పుడు కూడా ఆయన అది అనగలడు. "మీ అమ్మ నేర్పలేదా?" అనేది అత్తగారిది; ఇప్పుడు ఆ అమ్మ లేకపోయినా ఆ ప్రశ్న మాత్రం ఉంది. "ఆవిడ ఏమీ అనుకోదు" అని భర్త స్నేహితులకు చెబుతాడు, ఏ వేళకైనా ఇంటికి తీసుకొచ్చి. అనుకోదు, నిజమే. అనుకోవడానికి కూడా కాస్త చోటుండాలి. పొద్దున కుక్కర్ దగ్గర ఒక ఆలోచన మొదలవుతుంది, విజిల్ దగ్గర తెగుతుంది. ల్యాబులో ఇంకొకటి మొదలవుతుంది, ఎవరో వంకర పన్ను తెచ్చి దాని మీద పెడతారు. ఒక్క ఆలోచననైనా చివరిదాకా ఆలోచించి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు. గుర్తు తెచ్చుకోవడానికి తీరిగ్గా ప్రయత్నించింది. అదే ఎంతో హాయిగా ఉంది.

మర్నాడు కూడా వెళ్ళింది. ఆ మర్నాడూ. వంటకీ వడ్డనకీ మధ్య కాసేపు. ల్యాబులో పని ముగిసే వేళకి ఇన్‌ఛార్జి ఇంకో అచ్చు తెచ్చిపెట్టబోతే చేతిసంచి భుజానికి తగిలించుకుని, "చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలి," అంది. చీకటి పడ్డాక వీధుల్లో భయమనుకున్నాడు కాబోలు, పాపం, అతను వెంటనే తలూపాడు.

రెండో వారంలో, ఎచెవేరియాకి పెద్ద కుండీ కొందామని మొక్కల షాపుకి వెళ్ళింది. షాపు నడిపే పెద్దావిడ మాటల్లో మాటగా, "గదంతా చీకటెందుకమ్మా? సాయంత్రం ఓ అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తీసెయ్యి, సరిపోతుంది," అంది.

ఆమె కుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అలాగా," అంది. ఇంటికి వచ్చింది. అట్టపెట్టె సంగతి ఎవరికీ చెప్పలేదు.

అక్కణ్ణుంచి ఆమెకు భయం పట్టుకుంది. అబద్ధం ఆడడం ఆమెకు అలవాటు లేదు; ఇప్పుడు ఆడింది కూడా లేదు, చెప్పకుండా ఊరుకుంది అంతే. అయినా సాయంత్రం చిన్నగది వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుండేది. భర్త ఫోనులో ఏదో చదువుతూ "ఓహో" అంటే చాలు, చేస్తున్న పని ఆపి ఆయన వైపు చూసేది. మొక్కల గురించి ఎవరడిగినా మాట మార్చేసేది.

ఆయనకీ అనుమానం మొదలైంది, ఇంకో రకంగా. మొదటిసారి తలుపు తీసి లైటు వేసినప్పుడు "అయ్యో, మరిచేపోయాను," అన్నాడు. రెండోసారి చార్జర్ కోసం వచ్చాడు. మూడోసారి ఏమీ చెప్పలేదు. స్విచ్చి మీద వేలుంచి, స్టూలు మీద కూర్చున్న ఆమె వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ వెలుతురులో తను ఎలా కనబడుతోందో ఆమెకు అర్థమైంది: కళ్ళు చిట్లించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏ పనీ లేకుండా. పట్టుబడ్డ దొంగలా లేచి, కుండీ మీదికి వంగి, లేని ఎండుటాకు ఏరింది. అలా ఏరినందుకు తర్వాత తన మీద తనకే అసహ్యమేసింది.

"ఫోనులో ఎవరితో?" అన్నాడు ఆ రోజు భోజనం దగ్గర, నవ్వుతూనే.

మర్నాటి నుంచి ఆమె ఫోను హాల్లో టీపాయ్ మీద, తెర పైకి ఉండేలా పెట్టి వెళ్ళింది. ఆయన స్థిమితపడాల్సింది పోయి ఇంకా ఇబ్బందిపడ్డాడు.

"ఫోను కూడా లేకుండా ఏం చేస్తావు లోపల?"

"ఏమీ చెయ్యను."

"ఏమీ చెయ్యకుండా ఎలా ఉంటావు?"

ఆ మాట ఆయన నిజంగానే అడిగాడు. టీవీ ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని అడిగాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే గొడవవుతుందని చారు గిన్నె తెచ్చే నెపంతో వంటింట్లోకి పోయింది. అత్తగారు మాత్రం కంచంలోకి చూస్తూ, "చీకట్లో కూచోడమేంటో, ఇంట్లో అందరం ఉండగా," అని గొణిగింది.

ఆడపడుచూ ఆవిడ భర్తా ఆదివారం సాయంత్రం వచ్చారు. టీ కలిపి, కప్పులు ట్రేలో పెట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. చిన్నగదిలో లైటు వెలుగుతోంది. నవ్వులు వినబడుతున్నాయి. గుమ్మం దాకా వెళ్ళింది. భర్త గది మధ్యలో నిలబడి ఉన్నాడు, చేతుల్లో పెద్ద అట్టపెట్టె. మేజిక్ చేసేవాడిలా దాన్ని అటూ ఇటూ తిప్పి చూపించి, కలాంచోల మీద బోర్లించాడు.

"అయిపోయింది! సమస్య తీరిపోయింది. మొక్కలకి చీకటి, మనకి వెలుతురు. ఇంతోటిదానికి మీ వదిన నెలరోజుల్నుంచి మమ్మల్ని గుడ్డివాళ్ళని చేసి తిప్పుతోంది." ఆడపడుచు చప్పట్లు కొట్టింది. ఆవిడ భర్త "బావగారి బుర్రే బుర్ర," అన్నాడు. "రేపు నా టేబుల్ ఇందులో వేసుకుంటున్నాను," అన్నాడు ఆయన. "ఆఫీసు పని ఇంటికి తెచ్చుకుందామంటే కూర్చునే చోటు లేక చస్తున్నా." అప్పుడు గుమ్మంలో ఆమెను చూశాడు. చూసి, చాలా మెత్తగా అడిగాడు. "పెట్టె బోర్లిస్తే చాలని నీకు తెలీదా?"

"దానికేం తెలుసు, పాపం," అంది అత్తగారు.

"తెలిస్తే ఎందుకు చెప్పదమ్మా," అంది ఆడపడుచు.

అందరూ కలిసి ఆమెకో దారి చూపించారు. తెలీదని ఒక్క మాట అంటే చాలు. అంతా నవ్వుతారు, టీ తాగుతారు, ఆమె కూడా నవ్వుతుంది. ఇలాంటి దారులు ఇంతకుముందు ఎన్ని చూపించారో, ప్రతిసారీ ఎంత ఒద్దికగా వాటిలో నడిచి వెళ్ళిపోయిందో ఆమెకు గుర్తొచ్చింది. ట్రేని మంచం మీద పెట్టింది.

"తెలుసు," అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"షాపులో చెప్పారు. ఎప్పుడో చెప్పారు."

భర్త ముఖంలో నవ్వు పోలేదు, గట్టిపడింది. "నాకూ తెలుసు, నీకు తెలుసని. మొన్న మా ఆఫీసులో ఫంక్షన్‌కి పూలకుండీలు తేవడానికి ఆ షాపుకే వెళ్ళి మన చీకటిగది సంగతి చెబితే, షాపావిడే అంది, 'మీ ఇంటావిడకి ఎప్పుడో చెప్పానే' అని. నువ్వేం చెబుతావో చూద్దామని అడిగాను." అంటే ఇదంతా, ఈ పెట్టే, ఈ చుట్టాలూ, ఆమె అబద్ధమాడితే పట్టుకోవడానికి వేసిన ఎత్తు. "చెప్పు మరి," అన్నాడు ఆయన. "తెలిసి తెలిసి ఇన్నాళ్ళూ గదంతా ఎందుకు చీకటి చేయించావు?"

"పెట్టె మొక్కలకి సరిపోతుందండీ," అంది ఆమె. "నాకు సరిపోదు."

ఆడపడుచు భర్త చల్లారిపోతున్న టీ వైపు చూశాడు.

"నాకు ఎవరికీ కనబడని చోటు కావాలి," అందామె. గొంతు తనది కానట్టు, కానీ తనదే అయినట్టు ఉంది. "రోజూ కాసేపు. అంతే."

"మేమంత బరువైపోయామా నీకు?"

ఇదివరకైతే 'అయ్యో, అదేం మాటండీ' అనేది. ఇప్పుడు ఆలోచించింది. నిజంగానే ఆలోచించి, "కాసేపు," అంది.

ఆ రాత్రి ఆయన భోజనం చెయ్యలేదు. ఆమె వడ్డించి, మూత పెట్టి, తను తినేసి పడుకుంది.

సోమవారం సాయంత్రం ల్యాబు నుంచి వచ్చేసరికి చిన్నగది తలుపు బార్లా తెరిచి ఉంది. లైటు వెలుగుతోంది. గది మధ్యలో ఆయన టేబుల్, కుర్చీ. టేబుల్ మీద ఆఫీసు కాగితాలు సర్ది ఉన్నాయి. ఆయన లేడు, సామాను చేర్పించి మళ్ళీ వెళ్ళినట్టున్నాడు. కిటికీకి కట్టిన దుప్పటి మడతపెట్టి మంచం మీద ఉంది. కలాంచోలు బాల్కనీలో, నేల మీద, బట్టలారేసిన తీగ కింద. పెట్టె వాటి మీద వంకరగా ఉంది. పెట్టె ఎత్తి చూసింది. ఒక కుండీ పక్కకు ఒరిగింది, రెండు కొమ్మలు విరిగాయి. మిగిలినవాటి కొసల్లో ఆకుపచ్చగా, ఆవగింజలంత మొగ్గలు గుంపులుగా ఉన్నాయి. ఎప్పుడొచ్చాయో ఆమె చూడనే లేదు. చీకట్లో కూర్చునే హడావుడిలో, ఈ మధ్య మొక్కల వైపు సరిగ్గా చూడనే లేదు. పెట్టె సరిచేసి బోర్లించి, లోపలికి వచ్చింది.

ముందు కాగితాలు తీసి హాల్లో సోఫా మీద పెట్టింది. తర్వాత కుర్చీ. టేబుల్ బరువు. ఒక కొస ఎత్తి లాగితే నేల మీద కీచుమని అరిచింది. గుమ్మం దగ్గర ఇరుక్కుంది. అడ్డంగా తిప్పింది, ఒళ్ళంతా చెమట. హాల్లో టీవీ ముందు కూర్చున్న అత్తగారు తల తిప్పి చూసింది.

"ఏంటే ఇది?"

"టేబుల్ అత్తయ్యా."

"నేల మీద గీతలు పడతాయే!"

"పడనివ్వండి."

టేబుల్ సోఫా దాకా వచ్చి ఆగింది. దారికి అడ్డంగా అత్తగారి కాళ్ళు ఉన్నాయి. నొప్పుల కాళ్ళు, ఎవరో ఒకరు ఎత్తి పెట్టాల్సిన కాళ్ళు. ఆమె టేబుల్ పట్టుకుని నిలబడింది. జరగమని అడగలేదు. అత్తగారు ఆమె ముఖంలోకి చూసింది, ఆ చూపులో కోపముందో మరేముందో తెలియలేదు. తర్వాత రెండు చేతులతో ఒక మోకాలు పట్టుకుని ఎత్తి సోఫా మీద పెట్టుకుంది. ఇంకో మోకాలూ పెట్టుకుంది. టేబుల్ వెళ్ళింది.

ఆమె గదిలోకి వచ్చి దుప్పటి కట్టింది. లైటు తీసింది. తలుపు మూసింది. తలుపుకి గడియ ఉంది. ఎప్పుడూ ఎవరూ వేయలేదు. "మనింట్లో దాపరికాలు లేవు, గడియలెందుకు" అనేది భర్త అందరికీ గొప్పగా చెప్పుకునే మాట. రంగు మీద రంగు వేయించడంతో గడియ తలుపులో భాగమైపోయింది. బొటనవేలితో నెట్టింది. కదల్లేదు. అరచేతి మొదలుతో కొట్టింది. రంగు పెచ్చు లేచి, గడియ ఒక్కసారిగా జారి బిగుసుకుంది. చీకట్లో చెయ్యి మండింది. స్టూలు వెతుక్కుని కూర్చుంది.

కాసేపటికి వీధి తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు.

"ఇదేంటి? టేబుల్ ఇక్కడికి ఎలా వచ్చింది?"

"అదే లాగింది," అంది అత్తగారి గొంతు.

"నువ్వు చూస్తూ ఊరుకున్నావా అమ్మా?"

"ఊరుకోలేదు. కాళ్ళు పైకి పెట్టుకున్నాను."

బూట్లు గది వైపు వచ్చాయి, గట్టిగా, తొందరగా. తలుపు మీద చెయ్యి పడింది. ఎప్పటిలాగే తోసింది. తలుపు రాలేదు. ఇంకోసారి, భుజంతో. గడియ గలగలలాడింది, నిలబడింది. ఆమె స్టూలు అంచు పట్టుకుంది. తిట్లు వస్తాయనుకుంది, తన పేరు గట్టిగా వస్తుందనుకుంది. రాలేదు. తలుపుకి అవతల ఆయన ఊపిరి వినబడుతోంది. ఆయన అక్కడ అలా ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉండడం ఆమెకు కొత్త. ఆయనకీ కొత్తే కాబోలు.

చాలాసేపటి తర్వాత వేలి కణుపుతో తలుపు మీద మెల్లగా రెండుసార్లు తట్టిన చప్పుడైంది.

ఆ ఇంట్లో ఆమె లోపలుండగా తలుపు తట్టడం ఎవరికైనా అదే మొదటిసారి. ఆమె వెంటనే లేవలేదు. మొదలుపెట్టిన ఆలోచన ఇంకా పూర్తి కాలేదు.